డాక్టర్ అనని మాట

నా కడుపుల ఒక మాట ఉన్నది. హైదరాబాద్ దవాఖానల డాక్టర్లు కడుపు మొత్తం తెరిచి, జిగట లెక్క పేరుకున్నదాన్ని గిన్నెలకు గిన్నెలు తోడి పారేసిండ్రు. గీ మాట మాత్రం వాళ్లకు దొరకలే. స్కానింగుల అవుపడేది అయితే కదా దొరికేది! ఏండ్ల సంది మోస్తున్న. ఇగ మోసుడు నాతోని అయితలేదు.

నా పేరు చెప్ప. ఊరి పేరు గూడ చెప్ప. కల్వకుర్తి నుంచి ఆటోల పోయేంత దూరం అనుకో, చాలు. ఎవరికి అన్యాయం చేసిన్నో ఆమె పేరైతే అసలే చెప్ప. ఆ పేరు ఇప్పటికే మస్తు మంది నోళ్లల్ల నలిగింది. ఆమె మా యారాలు, మా ఆయన అన్న పెండ్లాం. నేను అక్కా అని పిలుస్త. నువ్వు గూడ అక్క అనే అనుకో.

ఇది విని నువ్వు ఎవరితోనన్న అంటవేమో. అను. నా గుణం ఎర్కైతే నవ్వుతవు. పాలల్ల నీళ్లు కలిపిండా అని అందరు అనుమానపడతరు. నేను ఏ బాయి నీళ్లు కలిపిండో అని అనుమానపడే రకం. ఇద్దరు ఆడోళ్లు బోరింగు కాడ నవ్వితె నా గురించే అనుకునేదాన్ని. "నీకు నీ నీడ మీద గూడ నమ్మకం లేదే" అనేటోడు మా ఆయన. నవ్వులాటకే అనేటోడు. కాని నిజమే. ఎక్కడి నుంచి వచ్చిందో ఈ గుణం నాకు, మా అవ్వకు లేదు, మా నాయినకు లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తల, మా చెరువుల పూడిక తీస్తున్న దినాలల్ల, నా కడుపు ఉబ్బుడు షురువైంది. తినేది బుక్కెడు, కడుపేమో కుండంత. చీర కుచ్చిళ్లు నిలుస్తలేవు. "ఏందే, బిడ్డ లగ్గం చేసే యాల్లకు మళ్లా నీళ్లు పోసుకున్నవా" అని వాడకట్టోళ్లు పరాచికాలు ఆడిండ్రు. మొదాలు నేను గూడ నవ్విన. తర్వాత నవ్వు రాలే. మా దిక్కు ఊకూకె కడుపు ఉబ్బితె దవాఖాన కంటె ముందుగాల అందరికి యాదికొచ్చేది ఒక్కటే. ఎవరో గిట్టనోళ్లు కూరల మందు కలిపి పెట్టిండ్రు అని. పెట్టేటోళ్లు ఉంటరంటరు, తీసేటోళ్లు గూడ ఉంటరంటరు. నార్కట్‌పల్లి దిక్కు ఒకాయన మందు తీస్తడని చెప్తె, మా ఆయన నన్ను బస్సుల తీస్కపోయిండు.

ఆయన ఏదో పసరు తాగిచ్చిండు. పేగులు బయటికి వచ్చేటట్టు కక్కిన. ఆ కక్కుల నుంచి నల్లటి ఉండ ఒకటి పుల్లతోని తీసి చూపెట్టి, "ఇగో, గిదే. మూడేండ్ల సంది నీ పేగుకు అంటుకొని ఉన్నది. ఎవరింట్ల తిన్నవు బిడ్డా?" అని అడిగిండు.

ఈడ ఒక్క సంగతి చెప్పాలె. ఆయన పేరు చెప్పలే. వాళ్లు ఎన్నడు చెప్పరు. అడుగుతరు, అంతే. పేరు నేనే చెప్పిన.

ఎందుకు ఆమె పేరే వచ్చింది నా నోట్లకెళ్లి? ఇన్నేండ్లల్ల నన్ను నేనే ఎన్నిసార్లు అడిగిన్నో. అక్క చేతి వంట అంటె ఊరంత పడి చచ్చేది. మా ఊరి బడిల పిల్లలకు పగటి అన్నం ఆమెనే వండేది. పప్పుచారు పోపు పెడితె బడి గోడ అవుతల తోవల పోయేటోళ్లు ఆగి వాసన చూసేటోళ్లు. లగ్గమైనా, చావు దినమైనా, "అక్కను పిలువుండ్రి, బగారన్నం ఆమె చేస్తెనే" అనేటోళ్లు. గది గూడ ఓర్చుకుందు. మా ఆయన నా వంట తిని, చెయ్యి కడుక్కొని, తువ్వాల భుజాన వేసుకొని, ఆమె ఇంటి ముందట నిలబడి "వదినే, ఇయ్యాల ఏం కూర?" అని అడిగేటోడు. ఆమె గిన్నెల ఇంత వేసి ఇచ్చేది. ఆయనకు తల్లి చిన్నప్పుడే పోయింది. ఈమె కోడలుగ వచ్చినంకనే ఆయన వేళకు ఇంత బువ్వ తిన్నడు. నాకు అవన్నీ ఎర్కే. ఎర్కుండి గూడ ఆ గిన్నె చూస్తె కడుపుల మండేది. మరి గా మంటనే పేరు చెప్పిందా? లేకుంటె నేను నిజంగనే నమ్మిన్నా? సగం నమ్మిన్నేమో. సగం నమ్మి మొత్తం చెప్పిన.

ఊరు రెండు ముక్కలైంది. "నిప్పు లేంది పొగ వస్తదా" అన్నోళ్లు ఉన్నరు. "ఆ చేతులు గసొంటియి కావు" అన్నోళ్లు గూడ ఉన్నరు. మా ఇంటి ముందటనే పంచాది పెట్టిండ్రు. బావ కోపంతోని వణుకుతుండె. అక్క మాత్రం ఏడ్వలే. కొంగు నడుముకు చెక్కుకొని నిలబడ్డది. నాకు ఇప్పటికి ఆ మాటలు పొల్లు పోకుండ యాదికున్నయి.

"ఏ గుడి మెట్లు ఎక్కుమంటె ఆ మెట్లు ఎక్కుత. తడిబట్టతోని ఒట్టు పెట్టుమంటె పెడుత. కాని నమ్మనోళ్లు ఒట్టు పెట్టినా నమ్మరు. ఎట్లయిన ఈమెను హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపోతున్నరు కదా. ఆ డాక్టర్‌కు నేను చుట్టం కాను, ఆమె చుట్టం కాదు. ఆయన ఏమంటడో గదే ఖరారు. నా చేతి తిండితోని వచ్చిందని ఆయనంటె, మళ్ల బడిల గంటె ముట్ట."

అందరు సరే అన్నరు. పంచాది ఆడికి ఆగింది. అంటె చూడు, ఆమె తన బతుకు మొత్తం తెచ్చి నా చెవులల్ల పెట్టింది. డాక్టర్ చెప్పేది వినేది నేనే కదా.

పంచాదికి ముందే పాలమూరుల స్కానింగు తీసిండ్రు, ఆడికెళ్లే హైదరాబాద్ రాసిచ్చిండ్రు. హైదరాబాద్ డాక్టర్ వయసు తక్కువే, నిమ్మలంగ మాట్లాడిండు. ఆ టైంకు మా ఆయన గోలీల కోసం కింద లైన్ల నిలబడ్డడు. లోపట నేను, డాక్టర్, ఒక సిస్టరు. కడుపుల పేగు కొసకు చిన్న తోక లెక్క ఉంటదంట, దాంట్ల పుట్టిందంట. అది పలిగి, జిగురు కారి, కడుపంత పరుచుకున్నదంట. కాన్సరే కాని మస్తు అరుదైందంట, చానమంది డాక్టర్లు గూడ ఒక్కసారైనా చూసి ఉండరంట. నేను మెల్లగ అడిగిన.

"సారూ, ఎవరన్న తిండిల ఏమన్న కలిపి పెడితె గిట్లయితదా?"

ఆయన నవ్వలే. నవ్వితె బాగుండు. నా మొఖంలకే చూసి అన్నడు.

"లేదమ్మా. ఇది ఒకరు పెడితె వచ్చేది కాదు, తిండితోని వచ్చేది కాదు. నీ కడుపులనే పుట్టింది. ఎవరి మీదన్న అనుమానముంటె ఈడనే వదిలిపెట్టి పో."

నేను బయటికొచ్చిన. వరండల బల్ల మీద కూసున్న. భయమైంది. కాన్సర్ అన్నందుకు కాదు, నిజం చెప్తున్న. ఊరికి పోయి ఏం మొఖం పెట్టుకోవాలె? రేపు ఊరంత నన్ను చూసి ఉమ్ముతది కదా? ఇదే మనసును గుంజింది. ఇంతల మా ఆయన మెట్లెక్కి వచ్చిండు. గోలీల కవరు చేతుల పట్టుకొని, "ఏమన్నడే సారు?" అని అడిగిండు.

"ఏదో పడనిది కడుపులకు పోయిందంట. గందుకే గిట్లయిందంట" అన్న.

అంతే. ఒక్క మాట. పేరు తీయలే, మందు అనలే. అంత తెలివి నాకు ఆ టైంల ఎక్కడికెళ్లి వచ్చిందో చూడు. మా ఆయన గోడకు ఆనుకొని కండ్లు మూసుకున్నడు. తర్వాత ఆ వరండలకెళ్లే వాళ్లన్నకు ఫోన్ కొట్టిండు. ఆయన ఏడ్చుకుంట మాట్లాడుతుంటె, నేను పక్కనే కూసొని ఇన్న. గప్పుడన్న నోరు తెరవొచ్చు కదా? ఫోన్ గుంజుకొని "కాదు బావా" అనొచ్చు కదా? అనలే.

కాలు జారితె తీసుకోవచ్చు, నోరు జారితె తీసుకోలేం అంటరు. నాది జారుడు గూడ కాదు. చూసి చూసి వేసిన అడుగు.

ఆపరేషన్ చేసిండ్రు. చచ్చి బతికిన. మళ్ల ఊరికి వచ్చేసరికి అన్నీ అయిపోయినయి. ఎవరు వద్దనక ముందే అక్క తనే బడికి పోయి గంటె అప్పజెప్పి వచ్చిందంట. మాట ఇచ్చిన, మాట మీద ఉన్న అన్నదంట. ఆమె పత్తి ఏరవోతాందని, ఇటుక బట్టీల కాడికి పోతాందని విన్న. లగ్గాలకు ఎవరు పిలుస్తలేరు. నేను మంచంల పడి "జర కోలుకున్నంక చెప్త" అనుకున్న. కోలుకున్నంక "ఇప్పుడు చెప్తె ఎందుకు దాచినవ్ అంటరు" అనుకున్న. మధ్యలైతె బాగనే తిరిగిన. చేనుకు పోయిన, బిడ్డ పురుడు చేసిన. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకొని బతికిన.

ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు, ఆట అయినంక, ఆడోళ్లందరం సత్తు ముద్దలు ఒకరికొకరు పంచుకుంటున్నం. అక్క గూడ తెచ్చింది. నువ్వుల ముద్దలు. చేతుల పెడితె అందరు తీసుకున్నరు, మొఖం మీద కొట్టలేరు కదా. తీసుకొని చెరువు కట్ట దిగుతుంటె ఒకామె తుమ్మ చెట్ల దిక్కు ఇసిరేసింది. ఇంకొకామె ఇసిరేసింది. అక్క చూసింది. అక్క చూసుడు నేను చూసిన. నా ముద్ద నా చేతులనే ఉన్నది. తినలే, పారేయలే. కొంగుల కట్టుకొని ఇంటికి తెచ్చి బర్రెకు పెట్టిన.

మరుసటేడు నుంచి అక్క ఎవరికి ఏం పెట్టినా, ముందు తను ఇంత నోట్లె వేసుకొని, నమిలి, మింగి, అప్పుడు పెడుతాంది. ఎవరు చెయ్యమన్నరు? ఎవరు అనలే. అలవాటైపోయింది. సొంత మనవరాలికి ముద్ద పెట్టేటప్పుడు గూడ గట్లనే చేస్తాంటె చూసిన నేను.

నా రోగం మళ్ల తిరగబెట్టింది. ఈసారి కోసుడు లేదన్నరు. పాలమూరు నుంచి సర్కారు బండిల ఒక సిస్టరమ్మ ఇంటికే వస్తది, నొప్పికి గోలీలిస్తది, కూసొని మాట్లాడుతది. మొదాలు ఆమెను గూడ అనుమానించిన. గీ గోలీలతోని నన్ను జల్ది పంపిస్తున్నరా? మా ఆయన, బిడ్డ బయట గుసగుసలు పెడితె ఏం దాస్తున్నరు? తర్వాత తెలిసింది, వాళ్లు దాసేది ఏం లేదు. ఆ ఇంట్ల దాసేది నేనొక్కదాన్నే.

సిస్టరమ్మ తోని అన్నీ ఖరారు చేసుకున్న. ఆఖరికి నన్ను హైదరాబాద్‌కు ఉరికిచ్చొద్దు. పైపులు పెట్టొద్దు. ఇంట్లనే, బర్రెల కొట్టం కనబడే కిటికి పక్కన మంచం. మా ఆయన సరే అన్నడు. అప్పుడు ఆమె అడిగింది, "ఎవరు దగ్గరుంటె నీకు నిమ్మలం అమ్మా?" అని. బిడ్డ పేరు చెప్తనని అందరు చూస్తున్నరు. "మా యారాలు" అన్న. ఎందుకన్ననో నాకే అర్థం కాలే. మా ఆయన నా దిక్కు పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు.

మా ఆయన పోయి అడిగితె, అక్క వచ్చింది. ఇన్నేండ్లకు మా గడప తొక్కింది. పొద్దుగాల జొన్న అంబలి కాసుకొని వస్తది, కాళ్లు ఒత్తుతది, పక్క మారుస్తది. మాట తక్కువ. ఇగ నా బుద్ధి చూడు. ఆమె చెంచ ముంచుతుంటె నేను ఆమె చేతులే చూసేది. ఎందుకొచ్చింది ఈమె? పగ తీర్చుకోనీకేనా? నేను పెట్టని మందు పెట్టిన్నన్నవు కదా, ఇగో ఇప్పుడు పెడుత అనుకుంటాందా? ఛీ అనుకునేదాన్ని. మళ్ల చూసేదాన్ని. ఆమె మాత్రం ముందు ఒక చెంచ తను తాగి, జరసేపు ఆగి, అప్పుడు నాకు తాపేది. రోజు గిదే. ఆ ఆగుడు ఉన్నది చూడు, నా అసొంటోళ్లు ఆమె మొఖం చూసి నిమ్మలపడెటందుకే ఆగేది. గది ఓర్చుకునుడు నాతోని కాలే.

ఒకనాడు పొద్దుగాల మా ఆయన చేనుకు పోయినంక, చెంచ ఆమె నోటి దాక పోంగనే చెయ్యి పట్టుకున్న.

"రుచి చూడకక్కా. గట్లనే పెట్టు."

"ఏమాయె?"

"డాక్టర్ గట్ల అనలే అక్కా. తిండితోని కాదన్నడు. ఎవరు పెట్టింది కాదన్నడు. బయటికొచ్చి నేనే అన్న."

ఆమె చెంచ గిన్నెల పెట్టింది. గిన్నె నేల మీద పెట్టింది. కొట్టం దిక్కు చూస్తాంది. తిడుతదనుకున్న, తిడితె బాగుండు. నేనే ఆగలేక వాగిన. నేను పోయినంక నా దినం వంట నీ చేతులతోనే కావాలె, ఊరంత తినాలె, మా ఆయనకు చెప్పి పెడుత అన్న. నా మనసుల అది పెద్ద ఆలోచన. రాత్రిళ్లు పండుకొని కట్టుకున్న ఆలోచన.

అప్పుడు నా దిక్కు తిరిగింది.

"నీ దినానికి నేను వండ. నువ్వు పోయినంక వాళ్లు తింటె నాకేమొస్తది? నోరున్నప్పుడు మూసుకున్నవు. ఇంకా నోరున్నది కదా, చెప్పు."

లేచి కొంగు దులుపుకొని పోయింది. నేను గిన్నె గుంజుకొని, ఎవరు రుచి చూడని అంబలి తాగిన. సగం మీద పోసుకున్న.

మాపటికి మా ఆయనకు చెప్పిన. ఆయన వాళ్లన్న ఇంటికి పోయిండు, బాగా పొద్దుపోయినంక వచ్చిండు, కండ్లు ఎర్రగున్నయి. ఆ దినం సంది నాతోని అవసరమైన మాటనే మాట్లాడుతున్నడు. మరునాటి నుంచి నన్ను పలకరించనీకె వచ్చినోళ్లకు వచ్చినట్టు చెప్తున్న. డాక్టర్ అనలే, నేనే అన్న అని. వాళ్లు నా చెయ్యి నిమురుతరు. "పాపం" అంటరు. గడప దాటంగనే బయట మాటలు వినబడతయి. నా చెవులు ఇంకా మంచిగనే ఉన్నయి.

"నొప్పి గోలీల మత్తుల ఏదేదో అంటాంది."

"మత్తు కాదే. రోజు అంబలి ఎవరు తాపుతున్నరు? మళ్ల ఏదో పెట్టి గిట్ల అనిపిస్తాంది."

వింటివా? నేను నాటిందే. నేను నిజం చెప్పినా గదే కాస్తాంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడ్పొచ్చింది, కడుపు కదిలి నొప్పి లేసింది.

గందుకే ఇయ్యాల పొద్దుగాల గోలీ వేసుకోలే. సిస్టరమ్మ ఎట్ల ఓర్చుకుంటవమ్మా అన్నది. చెప్పేదంత చెప్పినంక వేసుకుంట అన్న. వాడకట్టోళ్లను నలుగురిని పిలిపిచ్చిన, వస్తున్నరు. వాళ్లకంటె ముందు నీకు చెప్పుకున్న, నువ్వు మా ఊరి మనిషివి కాదు, నా గోలీలు నీకు ఎర్కలేవు. అక్క ఇయ్యాల గూడ వచ్చింది. అంబలి తెచ్చింది. నేను వద్దన్నా వినలే, ముందు తనే ఒక చెంచ తాగి, ఆగి, అప్పుడే నాకు పెట్టింది. నన్ను మన్నించిందా అని అడుగుతవేమో. లేదు. అడిగే మొఖం నాకు లేదు. పొయ్యి కాడ గిన్నె కడుగుతాంది ఇప్పుడు.

నొస్తాంది. మస్తు నొస్తాంది. కాని తల తేటగున్నది, ఇన్నేండ్లల్ల ఎన్నడు లేనంత. మత్తుల లేను. ఎవరు నాకేం పెట్టలే. డాక్టర్ గట్ల అనలే. అన్నది నేను.